ప్రళయకావేరి నీళ్ల లెక్క

మా బడి గోడకు ఒక చార్టు ఉండేది. మంచు కొండల నడుమ నీలంగా ఒక సరస్సు, అడుగున రాళ్లు కనిపించేంత తేట నీళ్లు, కింద 'స్వచ్ఛమైన నీరు' అనే మాట. దాని పక్కనే మట్టిరంగు నీళ్లు, పైన నాచు, కింద 'కలుషిత నీరు'. నాలుగో తరగతి పిల్ల ఒకతె ఆ చార్టు చూసి, "పులికాట్ నీళ్లు ఎప్పుడూ మట్టిరంగే గదా సార్, అయితే మనవి కలుషితమేనా?" అని అడిగింది. వాళ్లమ్మ తెల్లారితే మోకాటి లోతు నీళ్లలో చేత్తో రొయ్యలు తడుముకొని బతికే మనిషి. అవును అంటే ఆ పిల్ల వాళ్లమ్మ గురించి ఏమనుకుంటుంది? కాదు అంటే నేను అబద్ధం చెప్పినట్టవుతుందా? ఆ రోజు ఏదో చెప్పి దాటేశాను. తర్వాత చదివి, అడిగి, నీళ్లలో దిగి తెలుసుకున్నదే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఆ చార్టులోని సరస్సు సంగతి. అలాంటి కొండ సరస్సుల్లో ప్రపంచానికి బాగా తెలిసినది అమెరికాలోని టాహో. కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దులో కొండల మీద ఉంటుంది. లోతు 500 మీటర్లు. అక్కడి శాస్త్రవేత్తలు 1968 నుంచి ఒక పని విడవకుండా చేస్తున్నారు. తెల్లటి పళ్లేన్ని తాడుకు కట్టి నీళ్లలోకి దించుతారు. అది కంటికి కనిపించకుండా పోయే లోతును రాసుకుంటారు. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, 1865లో ఇటలీలో సెక్కీ అనే మతగురువు మొదలుపెట్టినది. 1968లో టాహోలో ఆ పళ్లెం 30 మీటర్ల దాకా కనిపించింది. ఇప్పుడు 20 మీటర్ల దగ్గరే కనుమరుగవుతోంది. చుట్టూ రోడ్లు, ఇళ్లు, హోటళ్లు పెరిగి సన్నటి దుమ్ము, నత్రజని, భాస్వరం నీళ్లలోకి చేరడమే కారణమని తేల్చారు.

పాఠం చెప్పేటప్పుడు మనం ఒకటి మరిచిపోతాం. టాహో అంత తేటగా ఉండడానికి కారణం దానిలో తిండి లేకపోవడం. కొండ రాళ్ల మీది నుంచి వచ్చిన నీళ్లలో నత్రజని, భాస్వరం చాలా తక్కువ. కాబట్టి నాచు తక్కువ, నాచు తినే పురుగు తక్కువ, పురుగును తినే చేప తక్కువ. అది దాని స్వభావం. ఆ స్వభావాన్ని తెచ్చి పులికాట్‌కు కొలబద్దగా పెట్టకూడదు.

పులికాట్‌ను మా పెద్దవాళ్లు ప్రళయకావేరి అనేవాళ్లు. స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' వచ్చాక ఆ పేరు బయటివాళ్లకూ తెలిసింది. చిలక తర్వాత మన దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఉత్తరం నుంచి దక్షిణానికి 60 కిలోమీటర్ల పొడవు. నీళ్లు నిండినప్పుడు 450 చదరపు కిలోమీటర్ల పైమాట. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, తడ వైపంతా తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మా నోళ్లలో ఇంకా నెల్లూరు తీరమే. ఇంత పెద్ద సరస్సుకు లోతు ఎంతో తెలుసా? సగటున ఒక మీటరు. మనిషి నడుం దాకా. చాలాచోట్ల అంత కూడా ఉండదు.

ఇందులోకి మూడు వైపుల నుంచి తిండి వచ్చేది. ఉత్తరాన స్వర్ణముఖి, పడమట కాళంగి, దక్షిణాన ఆరణి నదులు వానకాలంలో పొలాల మీది ఒండ్రు, ఆకు, పేడ, ఎరువు మోసుకొచ్చేవి. తూర్పున సముద్రం మొగల గుండా పోటులో ఉప్పునీళ్లు, చేపపిల్ల, రొయ్యపిల్ల తెచ్చి పోసేది. పాటులో వాడిన నీళ్లు వెనక్కి తీసుకుపోయేది. పైనుంచి పక్షుల రెట్ట. వానలప్పుడు దాదాపు మంచినీళ్లు, ఎండాకాలంలో సముద్రం కన్నా ఎక్కువ ఉప్పు. ఈ రెండింటినీ తట్టుకునే జీవాలే ఇక్కడ పెరుగుతాయి. ఫ్లెమింగో పండగకు బస్సుల్లో వచ్చేవాళ్లు చూసి మురిసిపోయే ఆ పక్షులు తినేది కూడా ఈ బురద నీళ్లను ముక్కుతో వడగట్టి, అందులోని నాచును, సన్న పురుగును. వాటి రెక్కల్లోని గులాబీ రంగు ఆ తిండి నుంచి వచ్చిందే. నీళ్లు టాహోలా తేటగా ఉంటే ఫ్లెమింగో ఇక్కడ దిగేదే కాదు.

కాబట్టి ఆ పిల్లకు నేను చెప్పాల్సిన జవాబులో మొదటి సగం ఇది. మట్టిరంగు మురికి కాదు. నీళ్లలో నత్రజని, భాస్వరం ఉండడం తప్పు కాదు. అవే మన అన్నం.

ఈ సంగతి మన వైపు రైతులకు పుస్తకాలు లేకుండానే తెలుసు. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువును చూడండి. ఏటా అక్టోబరు, నవంబరుల్లో గూడబాతులు వచ్చి చెరువులోని కడప చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. తిండికి పులికాట్‌కు పోయి చేపలు పట్టుకొచ్చి పిల్లలకు పెడతాయి. వాటి రెట్ట చెరువులో పడుతుంది. ఆ నీళ్లు పొలానికి పారితే వేరే ఎరువు అంతగా అక్కర్లేదని అక్కడి రైతులు పక్షుల జోలికి ఎవరినీ పోనిచ్చేవాళ్లు కాదు. అంటే పులికాట్‌లో పుట్టిన నత్రజని, భాస్వరం రెక్కల మీద ఎగిరి వచ్చి వరి చేనులో పడేది. 1976లో ప్రభుత్వం పులికాట్‌ను, నేలపట్టును అభయారణ్యాలుగా ప్రకటించడానికి ఎన్నో తరాల ముందే ఊళ్లు ఆ పని చేశాయి. తమిళనాడులో చెంగల్పట్టు దగ్గర వేడంతాంగల్‌లోనూ ఇదే కథ. అక్కడి పక్షులను సిపాయిలు కాలుస్తున్నారని ఊరివాళ్లు మొరపెట్టుకుంటే 1798లో కలెక్టర్ లయొనెల్ ప్లేస్ వాటిని కాపాడే హక్కును వాళ్లకు రాసిచ్చాడు. పక్షి రెట్ట విలువ తెలిసిన రైతుకు కాగితం దొరికింది.

మనకు దొరకలేదు. ఇక్కడ కాస్త ఆగి ఆ సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే నీళ్ల చరిత్ర రాసేవాళ్లు ఎవరూ చెప్పరు.

సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న దీవి శ్రీహరికోట. యానాదులు తరతరాలుగా ఉన్న చోటు. 1835లో అది బ్రిటిష్ ప్రభుత్వం చేతికి వచ్చింది. అప్పటి నుంచి కాగితాల్లో మనవాళ్లు కనిపిస్తారు. అడవిలో తేనె, కుంకుడుకాయలు, చిరివేరు సేకరించి సర్కారుకు ఇచ్చేవాళ్లుగా కనిపిస్తారు. చిరివేరు అంటే బట్టలకు ఎర్రరంగు వేసే వేరు. ఈ తీరం నుంచి ఓడలెక్కిన రంగు బట్టల వెనక ఆ వేరు తవ్విన చేతులున్నాయి. మద్రాసుకు పోయే కట్టెలు కొట్టేవాళ్లుగా కనిపిస్తారు. 1873లో బోస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్‌లో, 1909లో థర్‌స్టన్ అచ్చు వేసిన కులాలు తెగల పుస్తకం ఏడో సంపుటంలో పేజీలకు పేజీలు ఉన్నాం. మన ముక్కు, మన జుట్టు, మన పెళ్లి, మన మొక్కు అన్నీ రాశారు. తర్వాత నేరస్థ తెగల చట్టం కింద పోలీసు స్టేషన్ పుస్తకాల్లోనూ చేరాం. ఆ చట్టం రద్దయ్యే దాకా హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. ఇన్ని పుస్తకాల్లో ఉన్నాం గానీ, ఈ సరస్సు మీద హక్కున్నవాళ్ల పుస్తకంలో మాత్రం లేం.

సరస్సులో పడవలు, పెద్ద వలలు పట్టపువాళ్లవి. దక్షిణపు కొసన వాళ్లకు 'పాడు' అనే పద్ధతి ఉంది. ఏ చోట ఏ రోజు ఎవరు వల వేయాలో వంతులు రాసుకుంటారు. మంచి పద్ధతే, పోట్లాటలు తగ్గిస్తుంది. ఆ వంతుల్లో యానాదుల పేరు లేదు. మనకు పడవ లేదు, కాబట్టి లోతు లేదు. మనది అంచు. మోకాటి లోతులో చేత్తో తడమడం, ఊత వేయడం, బొరియలో ఇనుప కొక్కెం పెట్టి ఎండ్రకాయను లాగడం. నీళ్లను ఒంటితో చదివే పని ఇది. పడవలో ఉన్నవాడికి నీటి రంగే తెలుస్తుంది. నీళ్లలో నిలబడినవాళ్లకు దాని వెచ్చన, జిగట, వాసన, కాలికింది బురద మెత్తన అన్నీ తెలుస్తాయి.

మా అవ్వ అంచున దిగే ముందు కాలి బొటనవేలితో బురదను గీకి వాసన చూసేది. బురద పైన గోధుమరంగు, కింద నలుపు ఉంటే దిగేది. పైనే నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన వస్తే వెనక్కి తిరిగేది. "నీళ్లు నిలబడిపోయినాయిరా నాయనా, ఆడ చెయ్యి పెట్టబాక" అనేది. డైట్‌లో ట్రైనింగ్ అయి ఎన్నో ఏళ్ల తర్వాత ఒక సైన్సు పుస్తకంలో చదివాను. బురదలో ఆక్సిజన్ అయిపోయినప్పుడు అక్కడి సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వదులుతాయి, దాని వాసన కుళ్లిన గుడ్డులా ఉంటుంది, అప్పుడు బురద నల్లబడుతుంది అని. అవ్వకు వాయువు పేరు తెలియదు. మిగిలినదంతా తెలుసు. ముఖ్యంగా 'నిలబడిపోయినాయి' అన్న మాటలో ఉన్నది తెలుసు.

నీళ్లు ఎప్పుడు నిలబడిపోయాయి? దీనికి తేదీ ఉంది.

1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్, రోహిణి-125, అక్కడి నుంచి పైకి లేచింది. దీవిలోని యానాది కుటుంబాలు చాలావరకు కదలాల్సి వచ్చింది. ఆ కథ వేరే రాయాలి. ఇక్కడ చెప్పేది రోడ్డు గురించి. సూళ్లూరుపేట నుంచి దీవికి సరస్సు అడ్డంగా మట్టికట్ట పోసి దారి వేశారు. ఆ దారి వల్ల మేలు లేదని నేను అనను. కాన్పు కష్టమైన ఆడమనిషిని పడవలో కాక జీపులో తెచ్చుకోగలిగాం. కానీ ఒకటిగా ఉన్న నీళ్లు ఆ కట్టతో రెండయ్యాయి. కట్ట కింద తూములున్నాయి, అయితే అన్ని కిలోమీటర్ల వెడల్పున ఊగే నీళ్లకు తూములు ఏ మూలకు? ఉత్తరపు భాగానికి దక్షిణపు మొగ నుంచి పోటు అందడం తగ్గింది. ఉత్తరాన కొండూరుపాలెం వైపు, నడుమ రాయదొరువు దగ్గర ఉన్న మొగలు ఇసుకతో పూడుతూ వచ్చాయి. పైనుంచి వచ్చే నదుల నీళ్లు కూడా చెరువుల్లో, ఆనకట్టల వెనక ఆగిపోయాయి. ఇప్పుడు ఎండాకాలంలో ఉత్తరపు భాగం చాలామటుకు ఎండి, ఉప్పు తేలి, తెల్లటి మైదానంలా ఉంటుంది. పిల్లలు క్రికెట్ ఆడతారు.

సరిగ్గా అదే కాలంలో కెనడాలో ఇంకో సరస్సును కూడా రెండుగా చేశారు. కావాలనే చేశారు. ఒంటారియో అడవుల్లో 226 అని నంబరు మాత్రమే ఉన్న చిన్న సరస్సు అది. డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 1973లో దాని నడుమ ప్లాస్టిక్ తెర కట్టారు. ఒక వైపు కార్బన్, నత్రజని వేశారు. రెండో వైపు ఆ రెండింటితో పాటు భాస్వరం కూడా వేశారు. కొన్ని వారాల్లోనే భాస్వరం వేసిన వైపు పచ్చగా నాచు కమ్మింది, రెండో వైపు మామూలుగానే ఉంది. విమానం నుంచి తీసిన ఆ ఫొటో లోకమంతా తిరిగింది. బట్టల సబ్బుల్లో భాస్వరం తగ్గించాలని చాలా దేశాలు చట్టాలు చేయడానికి అది ఒక సాక్ష్యమైంది. మంచినీటి సరస్సుల్లో నాచుకు పగ్గం ఎక్కువగా భాస్వరం చేతిలో ఉంటుంది. సముద్రపు నీళ్లలో ఎక్కువగా నత్రజని చేతిలో ఉంటుంది. పులికాట్ రెండూ కలిసినది, కాబట్టి ఒక కాలంలో ఒకటి, ఇంకో కాలంలో ఇంకొకటి.

వాళ్లు తెర కట్టి, కొలిచి, ఫొటో తీసి, తర్వాత తెర తీసేశారు. మన కట్ట అలాగే ఉంది. కట్టకు ఈ పక్క నీళ్లలో ఏముంది, ఆ పక్క ఏముంది అని ఆ రోజుల్లోనే నెలనెలా కొలిచి పెట్టి ఉంటే ఈ వ్యాసం నాకన్నా మేలైన వాళ్లు రాసేవాళ్లు.

కట్ట పడి ఇరవై ఏళ్లయ్యాక రొయ్యల గుంటలు వచ్చాయి.

1990 తర్వాత నెల్లూరు తీరంలో టైగర్ రొయ్య మీద పిచ్చి పట్టింది. కందలేరు పొడవునా, బకింగ్‌హాం కాలువ పక్కన, పులికాట్ అంచున ఎకరాలకు ఎకరాలు తవ్వారు. ఈ కాలువలో కొంత భాగాన్ని కూడా 1876-78 నాటి ధాత కరువులో కూలికి వచ్చిన ఆకలి జనమే తవ్వారు, గుర్తుంచుకోండి. గుంటలు తవ్వింది, కట్టలు వేసింది, రాత్రి కాపలా కాసింది ఎక్కువగా మనవాళ్లే. మా నాయన ఒక గుంట దగ్గర కాపలాకు కుదిరాడు. ముందు కొంత డబ్బు అప్పుగా ఇచ్చారు. ఆ అప్పు తీరేదాకా అక్కడే. మేం కూడా గట్టు మీద గుడిసెలోనే ఉండేవాళ్లం. నాకు అప్పుడు పన్నెండు పదమూడేళ్లు.

గుంట పని దగ్గర నుంచి చూసినవాళ్లకు నీళ్ల సైన్సు వేరే చెప్పనక్కర్లేదు. రొయ్యకు రోజుకు నాలుగైదు సార్లు మేత వేస్తారు. వేసిన మేతలోని నత్రజనిలో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు రొయ్య ఒంటికి పడుతుంది. మిగిలినది తినని మేతగా, రెట్టగా, ఉచ్చగా నీళ్లలో, బురదలో చేరుతుంది. ఆ బలానికి నాచు లేస్తుంది. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ విడుస్తుంది, నీళ్లు బాగుంటాయి. పొద్దుగూకితే అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది, రొయ్య పైకి తేలుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలి. అందుకే రాత్రంతా ఏరేటర్లు తిరుగుతుంటాయి. కరెంటు పోతే కాపలావాడు పరుగెత్తి జనరేటరు వేయాలి. నిద్రపోతే అతని పని అయిపోయినట్టే. తర్వాత పాత నీళ్లు బయటికి వదిలి కొత్త నీళ్లు తోడుకుంటారు. బయట అంటే ఎక్కడ? కాలువలోకి, కాలువ నుంచి సరస్సు అంచులోకి. గుంటకు ఏరేటరు ఉంది. సరస్సుకు లేదు. ఒకప్పుడు ఉండేది, పోటూ పాటూ దాని ఏరేటరు. దాన్ని మనం కట్ట వేసి, మొగలు పూడనిచ్చి ఆపేశాం.

అంచు ఎవరిదో ముందే చెప్పాను. గుంట నీళ్లు మొదట చేరేది అక్కడ. గాలికి కొట్టుకొచ్చిన నాచు పేరుకొని కుళ్లేది అక్కడ. లోతులో పెద్ద వలకు చేప తగ్గకముందే అంచులో చేతికి రొయ్య తగ్గింది. మా అమ్మ, పక్క గుడిసె ఆడవాళ్లు ఆ మాట అన్నప్పుడు విన్నవాళ్లు లేరు. వాళ్లు పట్టినది ఏ సొసైటీ పుస్తకంలోనూ లేదు కాబట్టి, తగ్గినది కూడా ఏ పుస్తకంలోనూ లేదు. కాళ్లకు దురద, వేళ్ల సందుల్లో పుండ్లు అని ఆస్పత్రికి పోతే మందు రాసిచ్చారు గానీ ఏ నీళ్లలో దిగావు అని అడగలేదు.

1994 చివర్లో తెల్లమచ్చల జబ్బు వచ్చింది. రొయ్య పెంకు మీద తెల్లటి చుక్కలు, ఐదారు రోజుల్లో గుంటంతా చచ్చి తేలడం. జబ్బు ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పోయిన దారి నీళ్లే. ఒకరు వదిలిన నీళ్లు ఇంకొకరు తోడుకున్నారు. మా నాయన కాపలా కాసిన గుంట యజమాని ఒక రాత్రి మోటార్లు విప్పించుకొని వెళ్లాడు. నాలుగు నెలల కూలి రాలేదు. అప్పు మాత్రం ఇంకా ఉందన్నాడు.

ఈలోగా తమిళనాడులో తంజావూరు ప్రాంతపు గాంధేయవాది జగన్నాథన్ గారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996 డిసెంబరు 11న న్యాయమూర్తులు కుల్దీప్ సింగ్, సగీర్ అహ్మద్ తీర్పు చెప్పారు. తీర నియంత్రణ మండలంలోని రొయ్యల గుంటలు 1997 మార్చి 31 లోపు తీసేయాలి. చిలకకూ పులికాట్‌కూ 1000 మీటర్ల లోపల గుంటలు ఉండరాదు. ఆ వాక్యంలో నేలపట్టు పేరు కూడా ఉంది. దేశపు అత్యున్నత కోర్టు మన చెరువు పేరు పలికిన రోజు అది. తీర్పులో ఇంకో మాట కూడా ఉంది, టీచర్లు పిల్లలకు తప్పకుండా చెప్పాలి. మూతపడే గుంటల్లో ఏడాదికి తగ్గకుండా పనిచేసిన కూలీలకు చట్టప్రకారం వచ్చే పరిహారం కాక, అదనంగా ఆరేళ్ల కూలి ఇవ్వాలి అని.

ఆరేళ్ల కూలి! మా నాయన ఆ మాట వినలేదు. విన్నా ఏం చేసేవాడు? హాజరు పట్టీ లేదు, రసీదు లేదు, అతను అక్కడ పనిచేశాడని చెప్పే కాగితం ముక్క ఒక్కటి లేదు. ఉన్న కాగితమల్లా అప్పు పత్రం, అది యజమాని దగ్గరుంది. కోర్టు నీళ్లను కాపాడాలనుకుంది, కూలీని కూడా కాపాడాలనుకుంది. రెండింటికీ లెక్క కావాలి. నీళ్లకు లెక్క నాగపూర్ నుంచి వచ్చిన నీరి శాస్త్రవేత్తలు ఇచ్చారు. మనకు లెక్క ఇచ్చినవాళ్లు లేరు.

తీర్పు మీద మళ్లీ పిటిషన్లు పడ్డాయి. 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. గుంటలు తీసేయడం అన్న మాట పోయి, రిజిస్టరు చేయించుకొని నడుపుకోవడం అన్న మాట వచ్చింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి ఇచ్చారు. అది టైగర్ కన్నా కిక్కిరిసి పెరుగుతుంది, కాబట్టి అదే ఎకరంలో మేత ఎక్కువ, నత్రజని ఎక్కువ. ఇప్పుడు దేశంలో రొయ్య ఉత్పత్తిలో మన రాష్ట్రానిదే మొదటి స్థానం. ఈ పని మీద బతికే మన కుటుంబాలు వందల్లో ఉన్నాయని నాకు తెలుసు. మా చెల్లెలి భర్త ఇప్పటికీ గుంట దగ్గరే ఉన్నాడు. అన్నీ మూసేయండి అని నేను అననందుకు కొందరు మిత్రులు నా మీద కోపంగా ఉన్నారు. నేను అడిగేది వేరు. గుంట నీళ్లు అంచులోకి వదిలే ముందు ఒక నిలవ గుంటలో మడ్డి దిగనివ్వాలి. నీళ్లకు మళ్లీ ఊపిరి ఇవ్వాలి.

రెండోది జరగని పని కాదు. ఒడిశాలోని చిలకకు కూడా ఇదే జబ్బు వచ్చింది. మొగ పూడి, ఉప్పు తగ్గి, గుర్రపుడెక్క, తుంగ కమ్ముకున్నాయి, చేప పడిపోయింది. 1993లో దాన్ని ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల ప్రపంచ జాబితాలో పెట్టారు. 2000 సెప్టెంబరులో ఇసుక దిబ్బను కోసి సముద్రానికి కొత్త మొగ తెరిచారు. కొద్దికాలంలోనే ఉప్పు, చేప, ఎండ్రకాయ తిరిగి వచ్చాయి. 2002లో ఆ జాబితా నుంచి పేరు తీసేశారు. అక్కడ నత్రజనిని ఎవరూ ఏరి పారేయలేదు. నీళ్లను కదిలించారు. రాయదొరువు, కొండూరుపాలెం మొగల పూడిక తీస్తామన్న మాట మా వైపు ఎన్నికలకోసారి వినిపిస్తుంటుంది.

చట్టం గురించి యువతకు ఒక్క మాట. మన తీరం ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు, కాబట్టి ఏజెన్సీలో ఉన్న పీసా మనకు లేదు. అయితే 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూలు ప్రాంతానికే పరిమితం కాదు. అందులో అడవి భూమి అంటే అభయారణ్యాలు కూడా. సెక్షన్ 3(1)(డి) చదవండి. చేపలు, నీటి వనరుల్లో దొరికే ఇతర వాటి మీద సామూహిక హక్కు అడగవచ్చని ఉంది. పులికాట్ 1976 నుంచి అభయారణ్యం. అంచు మాది అని గ్రామసభలో అడగడానికి అదొక ఆధారం. అడిగినప్పుడు 'మీరు ఇక్కడ చేపలు పట్టేవాళ్లని రుజువేమిటి' అంటారు. బోస్వెల్ పుస్తకం, థర్‌స్టన్ పుస్తకం కొంత పనికొస్తాయి. అంతకన్నా పనికొచ్చేది మన పిల్లలు రాసే పుస్తకం.

మా బడిలో రెండేళ్లుగా రాస్తున్నాం. స్టీలు కంచాన్ని తెల్ల పెయింటు వేసి, నడుమ బెజ్జం కొట్టి, బరువుకు రాయి కట్టి, తాడుకు జానెడు జానెడుకు ముడి వేశాం. సెక్కీ పళ్లెం అంటే అదే. నెలకు రెండు సార్లు, ఒకే చోట, పొద్దున్నే. పెద్ద పిల్లలు మాత్రమే దిగుతారు, నేను పక్కనుంటాను. మొదట్లో ఒక పొరపాటు చేశాం, మధ్యాహ్నం కొలిచేవాళ్లం. మధ్యాహ్నం నీళ్లు ఎప్పుడూ ఆరోగ్యంగానే కనిపిస్తాయి, కారణం పైన చెప్పాను. ఇప్పుడు సూర్యుడు రాకముందే పోతున్నాం. ఆక్సిజన్ కొలిచే కిట్టు గుంటలవాళ్లు వాడేదే, ఒకసారి అరువు తెచ్చాం, ఆ నెల లెక్క మాత్రమే ఉంది. కిట్టు లేకపోయినా పని ఆగదు. కంచం ఎన్ని ముడుల దగ్గర కనుమరుగైంది, బురద పైపొర ఏ రంగు, వాసన ఉందా, చేపపిల్ల పైకి వచ్చి నోరు తెరుస్తోందా, కట్టకు ఈ పక్కా ఆ పక్కా తేడా ఉందా అన్నవి ఏ పిల్లయినా రాయగలదు.

పుస్తకంలో గీతలు కొట్టుకునేటప్పుడు తేదీ, చోటు, ముడులు, బురద రంగు, వాసన అని గళ్లు వేశాం. ఆ నాలుగో తరగతి పిల్ల ఇప్పుడు ఆరులో ఉంది. ఇంకో గడి వేయాలంది. ఆ రోజు ఆ అంచులో ఎవరెవరు దిగారు, ఎన్ని రొయ్యలు, ఎన్ని ఎండ్రకాయలు దొరికాయి అని. ఆ గడిలో మొదటి పేరు వాళ్లమ్మది.